కవిలె నుంచి క్లౌడ్ వరకు: గ్రామ లెక్కలకు ఎంత చోటు కావాలి?

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ వశమయింది. అప్పటికే ఇక్కడి కరణాలు గ్రామ లెక్కలను తాటాకు కవిలెలలో రాసి భద్రపరిచేవారు. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులకు ఈ కవిలెలు ఒక ముఖ్య ఆధారం. బ్రిటిష్ పాలనలో అడంగల్ కాగితంపై స్థిరపడింది. 1984లో కరణీకం రద్దయింది. 2015లో 'మీ భూమి' పోర్టల్‌తో అడంగల్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది.

తాటాకుపై చోటును ఆకులతో లెక్కిస్తే, కంప్యూటర్‌లో బైట్లతో లెక్కిస్తాం. 1991 నాటి ఇస్కీ విధానంలో తెలుగు సంకేతానికి ఒక బైటు చాలేది. నేటి యూటీఎఫ్-8లో మూడు కావాలి. 'మిరప'లో నాలుగు సంకేతాలు, కనుక 12 బైట్లు. 'పత్తి'లో పొల్లు, గుడితో కలిపి అయిదు, కనుక 15 బైట్లు.

ఉదాహరణకు గూగుల్ ఫైర్‌స్టోర్ అనే క్లౌడ్ డేటాబేస్‌ను తీసుకుందాం. ఇందులో ప్రతి శీర్షికకు, ప్రతి పాఠ్య విలువకు అదనంగా ఒక బైటు, ప్రతి సంఖ్యకు 8 బైట్లు, ప్రతి రికార్డుకు అదనంగా 32 బైట్లు పడతాయి. కాగితపు అడంగల్‌లో గడి శీర్షికను పుటకు ఒకసారి రాస్తే సరిపోతుంది. ఇక్కడ మాత్రం ప్రతి రికార్డులోనూ అది మళ్లీ నిల్వ అవుతుంది.

ఇప్పుడు 'కౌలుదారు' గడిని లెక్కిద్దాం. శీర్షికలో 8 సంకేతాలు: 24+1=25 బైట్లు. పేరులో 10 సంకేతాలు ఉన్నాయనుకుంటే 30+1=31. మొత్తం 56 బైట్లు. పది లక్షల రికార్డులకు 5.6 కోట్ల బైట్లు, అంటే 56 మెగాబైట్లు. వెతుకులాటకు కావలసిన సూచికలతో కలిపి పదింతలయినా 560 మెగాబైట్లే. చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది.

ఈ లెక్క చరిత్ర విద్యార్థికి ఒక విషయం చెబుతుంది. గుంటూరు, ప్రకాశం మెట్ట నేలల్లో మిరప, పత్తి పండించేవారిలో కౌలు రైతులు ఎందరో ఉన్నారు. రికార్డులో పేరు లేకపోతే బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అందడం కష్టం. 2011లో అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం కార్డు పొందాలంటే యజమానితో 11 నెలల ఒప్పందం ఉండాలి. హక్కు పోతుందన్న భయంతో సంతకం పెట్టని యజమానులు ఉన్నారు. కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటే, కారణం చోటు చాలకపోవడం కాదు. ఏ కాలపు రికార్డును చదివినా, అందులో ఎవరి పేరు లేదో, ఎందుకు లేదో కూడా పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'పంట' అనే శీర్షిక, 'పత్తి' అనే విలువ కలిసి ఎన్ని బైట్లు? (జవాబు: 10+16=26)