జేసీబీని ఎత్తే హెలికాప్టర్

2023 జులై చివర్లో మన ఉమ్మడి వరంగల్ మీద కురిసిన వానను ఇక్కడెవరూ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. నైన్‌పాకలో ఆరుగురు ఒక జేసీబీ మీదికెక్కి ప్రాణాలు అరచేత పట్టుకుని నిలబడితే, వైమానిక దళం మి-17 హెలికాప్టర్ వచ్చి వాళ్లను గట్టెక్కించింది.

మి-17 మోయగలిగేది సుమారు నాలుగు టన్నులు. మామూలు జేసీబీ ఒకటి ఏడెనిమిది టన్నులుంటుంది. నీళ్లలో చిక్కిన మనుషుల్ని తెచ్చే హెలికాప్టర్ వేరు, తెగిపోయిన రోడ్డుకు అవతల ఆ జేసీబీనే మోసుకెళ్లి దించే హెలికాప్టర్ వేరు. ఈ రెండోదాన్ని హెవీ లిఫ్ట్ అంటారు. ఫిరంగులు, బుల్డోజర్లు, వంతెన భాగాలు కొండల మీదికి చేర్చడానికి సైన్యాలు దీన్ని కోరుకున్నాయి. తయారు చేయగలిగిన దేశాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అంత కష్టం ఎక్కడుందో తెలియాలంటే రెక్కల కంటే ముందు వాటి కింద దాగి ఉండే గేర్‌బాక్స్‌ను చూడాలి.

బరువు పెరిగేకొద్దీ రెక్కల పొడవు పెరగాలి. రెక్క పొడవైతే దాని కొస ధ్వని వేగాన్ని సమీపిస్తుంది కాబట్టి నెమ్మదిగా తిప్పాలి. ఇంజిన్‌కేమో వేగంగా తిరిగితేనే బలం. మి-26 హెలికాప్టర్‌లో ఇంజిన్ నుంచి వచ్చే ఇరుసు నిమిషానికి ఎనిమిది వేల చుట్లకు పైగా తిరుగుతుంది, పైనున్న రెక్కలు 132 చుట్లే. ఇరవై వేల హార్స్‌పవర్‌ను అంత నెమ్మదిగా తిరిగే ఇరుసులోకి దించితే ఆ ఇరుసును మెలిపెట్టే బలం అమాంతం పెరిగిపోతుంది. దాన్ని తట్టుకునేలా గేర్లను లావు చేస్తూ పోతే, మోయాల్సిన సరుకు బరువును గేర్‌బాక్సే తినేస్తుంది.

1957లో సోవియట్ రూపకర్త మిఖాయిల్ మిల్ మి-6ను ఎగరేశాడు. టర్బైన్ ఇంజిన్లతో 12 టన్నులు మోసే యంత్రం అది. దాని గేర్‌బాక్స్ ఒక్కటే మూడు టన్నుల పైన తూగేది. ఇంకా పెద్దది కావాలనుకున్నప్పుడు అంతకు మించిన గేర్‌బాక్స్ చేయడానికి జంకి, మి-6 యంత్రాంగాలు రెండింటిని, విమానానికి ఉన్నట్టు పక్కలకు చాచిన కదలని రెక్కల చివర్లకు బిగించి వి-12 కట్టారు. 1969 ఆగస్టు 6న అది 44,205 కిలోలు ఎత్తింది. ఆ రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు. అయినా రెండు నమూనాలతోనే కథ ముగిసింది, ఉత్పత్తికి వెళ్లలేదు.

1970లో మిల్ కన్నుమూశాక పగ్గాలు అందుకున్న మరాత్ తిష్చెంకో పాత చిక్కుముడిని సూటిగా విప్పాడు. గేర్‌బాక్స్‌ను తన సంస్థలోనే గీయించాడు. ఒక దూలాన్ని పదిమంది భుజాలు పంచుకున్నట్టు, ఇంజిన్ బలాన్ని ఎన్నో చిన్న గేర్లకు పంచి చివర్లో ఒక్క ఇరుసు దగ్గర కలిపాడు. మి-6తో పోలిస్తే బలం దాదాపు రెట్టింపైంది, గేర్‌బాక్స్ బరువు కాస్తే పెరిగింది. ఎనిమిది రెక్కల మి-26 అలా పుట్టి 1977 డిసెంబరు 14న ఎగిరింది. 20 టన్నులు మోస్తుంది. నా దృష్టిలో హెలికాప్టర్ల చరిత్రలో దీన్ని మించిన ఇంజినీరింగ్ లేదు.

అమెరికా వేరే దారి పట్టింది. ఫ్రాంక్ పియాసెకీ ముందొకటి, వెనకొకటి రెండు రోటర్లు (తిరిగే రెక్కల చక్రాలు) పెట్టే పద్ధతిని నిలబెట్టాడు. బలం రెండు చోట్లకు చీలుతుంది, అవి ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి తోక రోటర్ అక్కర్లేదు. 1961లో ఎగిరిన చినూక్ ఆ వంశానిదే. ఈనాటి రకం పది టన్నుల వరకు మోస్తుంది. దానికి పెద్దన్నలాంటిది చేద్దామని 1970లలో మొదలుపెట్టిన ఎక్స్‌సీహెచ్-62 పరీక్షల్లో గేర్ల దగ్గరే దెబ్బతింది. నమూనా దాదాపు పూర్తయినా ప్రభుత్వం నిధులు ఆపేసింది. సికోర్‌స్కీ కంపెనీ సీహెచ్-53కె హెలికాప్టర్ మాత్రం గమ్యం చేరింది. 2006లో ఒప్పందమైతే 2015లో ఎగిరింది, దళంలోకి రావడానికి 2022 పట్టింది. గొలుసు కట్టి 16 టన్నుల పైన మోస్తుంది.

మన వైమానిక దళం 1986లో మి-26లు తెచ్చుకుని చండీగఢ్‌లో పెట్టింది. 2013 వరదల తర్వాత కేదార్‌నాథ్‌కు భారీ యంత్రాలను చేర్చినవి ఇవే. నాలుగింటిలో ఒకటి 2010లో జమ్మూలో కూలింది, మిగతావి మరమ్మతుల కోసం ఎదురుచూస్తూ ఎగరడం మానేశాయి. 2019 మార్చి 25న అదే చండీగఢ్‌లో చినూక్‌లు చేరాయి. కొన్నది పదిహేను.

హైదరాబాద్ నగరానికి ఆగ్నేయంగా ఆదిభట్ల ఉంది. అక్కడ టాటా సంస్థలు అపాచీ హెలికాప్టర్ ఒళ్లు కడతాయి. చినూక్ పైభాగం, తోక భాగం కూడా టాటా హైదరాబాద్‌లో చేసి అమెరికా పంపుతుంది. ఆ పని చేసే చేతుల్లో మన పల్లెల ఐటీఐ, డిప్లొమా పిల్లలవీ ఉంటాయి. ఆ నైపుణ్యం అంటే నాకు ఎంతో గౌరవం. కానీ అది ఒంటి పని. గీత ఆ హెలికాప్టర్లు తయారుచేసే అమెరికా సంస్థ బోయింగ్‌ది, గేర్‌బాక్స్ కూడా మనది కాదు.

బెంగళూరులో హెచ్‌ఏఎల్ ఇప్పుడు ఐఎంఆర్‌హెచ్ అనే 13 టన్నుల హెలికాప్టర్‌ను రూపొందిస్తోంది. ఇంజిన్ ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్‌తో కలిసి. అది మి-17 స్థానంలోకి వస్తుంది, హెవీ లిఫ్ట్ కాదు. అయినా మనకు తొలి మెట్టు అదే. దాని కోసం నేర్చుకునే గేర్‌బాక్స్ విద్యను అక్కడితో ఆపకూడదు. టైటానియం, ప్రత్యేక ఉక్కు చేసే మిధాని హైదరాబాద్‌లోనే ఉంది, లోహ పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ పక్కనే ఉంది. కావలసింది పెద్ద గేర్లను కోసి, గట్టిపరిచి, వేల గంటలు తిప్పి చూసే పరీక్షశాల, అవి విరిగినప్పుడు నిధులు ఆపని ఓపిక. అంత అనుభవమున్న సికోర్‌స్కీకే పదహారేళ్లు పట్టింది. మనం ఈ ఏడాదే కూర్చుని గీత గీసినా, మన హెవీ లిఫ్ట్ దళంలో చేరేసరికి 2040 దాటుతుంది.