పిల్లల్లో స్లీప్ అప్నియా: ముప్పు కారణాల చరిత్ర

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడం, ఊపిరి ఆగి ఆగి ఆడడం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. నూటికి ఒకరి నుంచి ఐదుగురు పిల్లలకు ఇది ఉంటుందని అంచనా. పెద్దవాళ్లలో పది సెకన్లు ఊపిరి ఆగితేనే లెక్క. పిల్లల్లో రెండు శ్వాసల సేపు ఆగినా లెక్కే.

ముక్కు వెనుక పెరిగే అడినాయిడ్స్‌ను 1868లో కోపెన్‌హాగన్ వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్ వర్ణించాడు. పిల్లలు చదువులో వెనకబడడానికి ముక్కు, గొంతుల్లోని అడ్డంకి ఒక కారణమని 1889లో విలియం హిల్ రాశాడు. టాన్సిల్స్ పెరిగిన పిల్లవాడి రాత్రి ఎలా గడుస్తుందో 1892లో విలియం ఆస్లర్ తన పాఠ్యగ్రంథంలో చెప్పాడు: తెరిచిన నోరు, పెద్ద గురక, నడుమ చాలాసేపు ఆగే ఊపిరి. ఇంత స్పష్టంగా చెప్పినా వైద్యలోకం చాలాకాలం పట్టించుకోలేదు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిల్లెమినో బృందం ఎనిమిది మంది పిల్లల్లో ఈ జబ్బును వివరించాకే దానికి ఒక స్థానం దక్కింది.

రెండు నుంచి ఎనిమిదేళ్ల వయసులో పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్సే ఇప్పటికీ ప్రధాన కారణం. వాటికి తోడు ఊబకాయం, ముక్కు అలర్జీ, నెలలు నిండకుండా పుట్టడం, ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ముప్పు చాలా ఎక్కువ. వాళ్లందరికీ నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష చేయాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో సూచించింది. చిన్న దవడ, గ్రహణమొర్రి, కండరాల బలహీనత కూడా ఈ కోవలోవే.

కోలారు జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న నంగలి వైపు మరో సంగతి చెప్పుకోవాలి. దక్షిణాదిలో చాలాచోట్లలాగే అక్కడా మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం మామూలే. మ్యూకోపాలీశాకరైడోసిస్ అనే వంశపారంపర్య జబ్బుల్లో చాలా రకాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. దగ్గర సంబంధంలో ఆ అవకాశం పెరుగుతుంది. ఆ పిల్లల్లో నాలుక, గొంతు కణజాలం మందమై గాలి దారి ఇరుకవుతుంది.

2013లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 464 మంది పిల్లలను చూశారు. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేసినవాళ్లలో ఏడు నెలలకు 79 శాతం మందికి, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఫలితం తక్కువ.

మన దేశంలో 2013లోనే మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షిస్తుంది. దాని 30 సమస్యల పట్టికలో డౌన్ సిండ్రోమ్, గ్రహణమొర్రి ఉన్నాయి గానీ గురక లేదు. కాబట్టి ఆ మాట ఇంటివాళ్లే ఎత్తాలి. బిడ్డ రోజూ గురక పెడుతుంటే మొద్దు నిద్ర అని మురిసిపోకుండా, ఆ నిద్రను ఫోన్‌లో వీడియో తీసి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.