సెవిల్ నగరపు బంగారు బురుజు

స్పెయిను దేశపు దక్షిణభాగమందలి సెవిల్ నగరమున, గ్వాదల్‌క్వివిర్ నది యెడమగట్టున, పన్నెండు ముఖములుగల బురుజొకటి నిలిచియున్నది. స్పానిషువారు దానిని ‘తోర్రే దెల్ ఓరో’ యందురు. అరబ్బీలో అది ‘బుర్జ్ అల్ దహబ్’. రెంటికిని బంగారు బురుజనియే యర్థము. మన ‘బురుజు’ కూడ పారశీకము మీదుగా తెలుగునకు వచ్చిన యీ అరబ్బీ పదమే. నదిపేరును అరబ్బీయే: ‘అల్ వాది అల్ కబీర్’, అనగా అక్షరాల మన ‘పెద్దవాగు’. వాదికిని వాగునకును గల ధ్వనిసామ్యము కేవలము కాకతాళీయము; దానినిబట్టి వ్యుత్పత్తులు కల్పింపరాదు.

ఈ బురుజును గూర్చి లోకమున రెండు కథలు ప్రచారములో నున్నవి. అమెరికానుండి ఓడలలో వచ్చిన బంగారమును దీనియందు దాచుటచే నీ పేరు వచ్చినదనుట మొదటిది. 1248లో క్రైస్తవ నౌకాదళము ఈ బురుజునుండి ఆవలిగట్టునకు కట్టిన ఇనుపగొలుసును తెంచి నగరమును సాధించినదనుట రెండవది. ఈ రెండు కథలను ఆధారములతో సరిచూచుటయే మా యుద్దేశము.

ముందుగా కట్టడపు సంగతి. ఉత్తరాఫ్రికానుండి వచ్చి అండలూసియా నేలిన అల్మొహాదుల కాలమున, సెవిల్ పాలకుడగు అబుల్ ఉలా ఆజ్ఞచే 1220-21లో ఇది నిర్మింపబడినది. ఇది కోటగోడలో నిమిడిన బురుజు కాదు. గోడకు వెలుపల, నదియొడ్డున నిలిచి, గోడనుండి చాచిన బాహువువంటి యడ్డుగోడచే నగరముతో కలుపబడియుండెను. ఆ యడ్డుగోడమీదనే ‘వెండి బురుజ’ను మరియొకటి కలదు. శత్రువు గట్టువెంబడి నడచి రేవును చేరకుండ నాపుట ఈ యేర్పాటు ప్రయోజనము. అడ్డుగోడ 1821లో పడగొట్టబడినది. అందుచే నేటి చూపరులకు బురుజు మొదటినుండియు నొంటరిగ నున్నట్లు తోచును. ఆ భ్రమ గొలుసుకథకు కొంత తోడ్పడినదని మా తలంపు.

ఇక పేరు. అమెరికా వ్యాపారమును నడపిన వ్యవహారశాల సెవిల్‌లో 1503లో నెలకొన్నది. 1717లో కాదిజ్ రేవునకు తరలినది. నడుమ రెండు శతాబ్దులు ఈ రేవున అపారధనము దిగుట నిజమే. కాని పద్నాలుగవ శతాబ్దిలో రాజ్యమేలిన మొదటి పేద్రో చరిత్రను వ్రాసిన పేరో లోపెజ్ దె అయాలా ఈ బురుజును బంగారు బురుజనియే పేర్కొనెను. ఆయన 1407లో మరణించెను. కొలంబసు ప్రయాణము 1492 నాటిది. కావున పేరు ముందు, అమెరికా బంగారము వెనుక. పేరును జూచి కథ పుట్టినదే కాని కథవలన పేరు రాలేదు. మన స్థలపురాణములను పరిశీలించినవారి కిది క్రొత్తగాదు.

అట్లయిన బంగారమెక్కడిది? బురుజునకు పైనుండిన మెరుగుపలకల కాంతి నదిలో ప్రతిఫలించుటచే నీ పేరు కలిగెనని చాలకాలము చెప్పుచుండిరి. 2005లో జరిగిన మరమ్మతుల సందర్భమున, ఆ పసిడిచాయకు కారణము సున్నమును, అదిమిన గడ్డియు కలిపిన గారయేయని తేలినది. పలకలవాదమునకు దీనితో బలము తగ్గినది. గచ్చుపనిని ఎరిగిన మన కీ సమాధానము సహజముగనే తోచును.

గొలుసుకథ యింతకంటె చిక్కైనది. మూడవ ఫెర్నాందో రాజు సెవిల్‌ను ముట్టడించినపుడు, రామోన్ బొనిఫాజ్ ఉత్తరపు కాంతాబ్రియా రేవులనుండి నౌకలను దెచ్చి, సముద్రమునుండి నదిలో ఎగువకు వచ్చెను. 1248 మే 3న అవి త్రియానా పడవలవంతెనను ఢీకొని త్రెంచెను. ఈ వంతెన 1171లో అల్మొహాదులు వేసినది. నగరమునకు ఆవలిగట్టునుండి ఆహారము వచ్చు మార్గ మిదియే. నవంబరు 23న నగరము లోబడెను. ఫెర్నాందో కుమారుడు పదవ అల్ఫోన్సో వ్రాయించిన చరిత్రలో పడవలను బంధించిన ఇనుపగొలుసుల ప్రసక్తి వంతెన సందర్భమున వచ్చును. వంతెన బురుజునకు ఎగువన నున్నది. నౌకలు బురుజును దాటిన పిమ్మటనే వంతెనను చేరవలెను. బురుజువద్ద వేరొక గొలుసుండినచో, మొదటి విజయముగ దానినే ఘనముగ వర్ణించియుందురు. కాబట్టి వంతెన గొలుసే జనశ్రుతిలో బురుజునకు జారినదని మే మూహించుచున్నాము. అయినను ఆ జనశ్రుతి బలమెట్టిదన, శాంతాందేర్ నగర చిహ్నమున నేటికిని బురుజు, ఓడ, తెగిన గొలుసు కన్పట్టును.

తరువాతి చరిత్ర, కూల్చివేత తప్పించుకొన్న చరిత్ర. రెండవ యంతస్తును మొదటి పేద్రో కట్టించెనని సంప్రదాయము. 1755 నవంబరు 1న లిస్బను భూకంపమున బురుజు మిక్కిలి దెబ్బతిన్నది. బండ్లబాటను వెడల్పుచేయుటకై దీనిని పడగొట్టవలెనని మాంతె రియాల్ మార్క్విసు ప్రతిపాదింపగా, పురజనులు వ్యతిరేకించి రాజునకు మొరపెట్టుకొని నిలిపిరి. 1760లో సైనిక శిల్పియగు సెబాస్తియాన్ వాన్ డెర్ బోర్ఖ్ట్ దానిని బాగుచేసి, పైన గుండ్రని మూడవ యంతస్తును, గుమ్మటమును చేర్చెను. ఆ నగరపు పొగాకు కర్మాగార నిర్మాణమునను ఈయన ప్రధానుడు. ఆ భవనమున నేడు విశ్వవిద్యాలయ మున్నది. 1868 విప్లవకాలమున కోటగోడలు కూలుచుండగా బురుజును అమ్మకమునకు పెట్టిరి. అప్పుడును ప్రజలే యడ్డుపడిరి. 1931లో అది జాతీయ స్మారకమైనది. 1944నుండి అందు నౌకాప్రదర్శనశాల నడచుచున్నది.