టెక్సాస్‌ల హిస్పానిక్ జనం: ఏ కౌంటీల ఎంత, ఎందుకంత?

డాలస్ పక్కన ఫ్రిస్కోల ఇల్లు కొన్న మనోళ్ల ఫోటోలు ఊరి వాట్సాప్ గ్రూపులల్ల మస్తు తిరుగుతయి. ఆ ఇంటికి పునాది తవ్వింది, పైకప్పు వేసింది ఎవలని ఎవలూ అడగరు. టెక్సాస్‌ల ఇండ్లు కట్టే కూలీలల్ల ఎక్కువ మంది హిస్పానిక్‌లే. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నోళ్లను అక్కడి జనాభా లెక్కలల్ల హిస్పానిక్ లేదా లాటినో అని రాసుకుంటరు. అందుల తెల్లోళ్లుంటరు, నల్లోళ్లుంటరు, ఆదివాసులుంటరు. టెక్సాస్‌ల మాత్రం మెక్సికో మూలాలోళ్లే ఎక్కువ.

2020 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 2 కోట్ల 91 లక్షలు. హిస్పానిక్‌లు 39.3 శాతం, హిస్పానిక్ కాని తెల్లోళ్లు 39.7 శాతం. 2022 అంచనాలకొచ్చేసరికి హిస్పానిక్‌లే ముందటికొచ్చిండ్రు.

అయితే 254 కౌంటీలల్ల వీళ్లు ఒక్క తీరుగ లేరు. కౌంటీ అంటే మన జిల్లా అసొంటిదే గాని, జనం లెక్కన కొన్ని మన వాడకట్టంత కూడ ఉండవు. 2020ల లవింగ్ కౌంటీల ఉన్నది 64 మందే!

రియో గ్రాండే నది పొంటి ఉన్న స్టార్, వెబ్, హిడాల్గో కౌంటీలల్ల నూటికి 90 మందికి పైనే హిస్పానిక్‌లు. వీళ్లంత మొన్న మొన్న నది దాటొచ్చిండ్రనుకునేరు. 1836 దాకా టెక్సాస్ మెక్సికోల భాగమే. 1848ల గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతోని నదిని సరిహద్దు చేసిండ్రు. వెబ్ కౌంటీల లారెడో పట్టణం 1755లనే, స్పెయిన్ ఏలుబడిల పుట్టింది. పట్టణం ఉన్నకాడనే ఉన్నది, దేశమే మారింది.

నదికి వందల మైళ్ల దూరం, ఉత్తరాన డెఫ్ స్మిత్ కౌంటీల గూడ సగానికంటె ఎక్కువ వీళ్లే. అక్కడ పశువుల షెడ్లు, మాంసం ఫ్యాక్టరీలు. పని ఉన్నకాడికి కూలీ పోయిండు, అంతే. తూర్పున లూసియానా దిక్కు పోయినకొద్దీ శాతం తగ్గుతది.

ఒట్టి శాతమే చూస్తే లెక్క తప్పుతది. హూస్టన్ ఉన్న హారిస్ కౌంటీల వీళ్లు 43 శాతమే గాని, మందిని లెక్కబెడితే 20 లక్షలు దాటుతరు. స్టార్ కౌంటీ మొత్తం జనమే 66 వేలు. గా చిన్న కౌంటీలనే 1966ల ఖర్బూజ తోటల కూలీలు గంటకు డాలరుంబావు కూలి కోసం సమ్మె కట్టి, రాజధాని ఆస్టిన్ దాకా నడిచిండ్రు.

ఇగ అసలు పంచాయితీ సీట్లకాడ. 2010 నుంచి 2020 దాకా టెక్సాస్‌ల పెరిగిన 40 లక్షల మందిల సగం దాకా హిస్పానిక్‌లే. ఆ పెరుగుదలతోనే రాష్ట్రానికి అమెరికా పార్లమెంటుల రెండు సీట్లు పెరిగి 38 అయినయి. 2021ల హద్దులు గీసినప్పుడు ఆ కొత్త రెండిట్ల ఒక్కటి కూడ హిస్పానిక్ మెజారిటీ సీటుగ గీయలే. ఓటు వయసు రాని పిల్లలు, పౌరసత్వం లేని కూలీలు జనాభాల లెక్కకొస్తరు, ఓటుకాడ రారు. పైగా 2020ల దేశం మొత్తం మీద హిస్పానిక్‌లను దాదాపు 5 శాతం తక్కువ లెక్కబెట్టినమని జనగణన సంస్థనే తర్వాత ఒప్పుకున్నది. హిడాల్గోల నల్లా, మోరీ సక్కగ లేని కలోనియాలనే బస్తీలు వందల కొద్ది ఉన్నయి. ఇంటికి సరైన చిరునామానే లేనికాడ లెక్కలోడు ఏ తలుపు కొడుతడు?