తూటా కొలత – పాలకుల చట్టం: వైల్డ్‌క్యాట్ తూటాల చరిత్రకు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నేపథ్యం

వ్యాస సంగ్రహం

ప్రామాణిక తూటా ఇత్తడి గుల్లను మలచి కొత్త కొలతకు తెచ్చినవాటిని పాశ్చాత్య ప్రపంచంలో ‘వైల్డ్‌క్యాట్’ తూటాలంటారు. తక్కువ ఖర్చుతో సాగిన వ్యక్తిగత ఆవిష్కరణగానే ఈ విద్య చరిత్ర సాధారణంగా వినిపిస్తుంది. భారతదేశ అనుభవం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ తూటా కొలతను నిర్ణయించినది ప్రధానంగా చట్టం. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నిరాయుధీకరణ చరిత్ర నేపథ్యంలో 1907 నాటి .450 బోరు నిషేధాన్ని, .410 మస్కెట్, .315 తూటాలను పరిశీలించి ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: తూటా, బోరు, ఆయుధ చట్టం, పాలెగాళ్ళు, కట్టుబడులు, నాటు తుపాకి, నల్లమల.

1. ఉపోద్ఘాతం

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. వీటిలో ఖరీదైనది, మళ్ళీ వాడుకోదగినది గుల్ల ఒక్కటే. కొత్త గుల్లను మొదటి నుంచి తయారు చేయాలంటే కర్మాగారం కావాలి. ఉన్న గుల్లకు మెడను సన్నబరచడానికో, వెడల్పు చేయడానికో, భుజం వాలును మార్చడానికో ఒక అచ్చు చాలు. వైల్డ్‌క్యాట్ తూటాల ఆర్థిక సూత్రమంతా ఇంతే.

అమెరికాలో ఈ పద్ధతికి విస్తృతమైన చరిత్ర ఉంది. .250 సావేజ్ గుల్ల మెడను సన్నబరచి ఔత్సాహికులు రూపొందించిన .22-250 తూటాను రెమింగ్టన్ సంస్థ 1965లో తన ఉత్పత్తిగా స్వీకరించింది. సైనిక తూటా అయిన .30-06 నుంచి పుట్టిన .25-06 దాదాపు అర్ధ శతాబ్దం పాటు వ్యక్తుల చేతుల్లోనే ఉండి, 1969లో అంగడికి వచ్చింది. అక్కడ సైనిక తూటా పౌరుడి ప్రయోగానికి ముడిసరుకు అయింది. భారతదేశంలో అదే సైనిక తూటా పౌరుడికి నిషిద్ధ వస్తువు అయింది. ఈ తేడాకు మూలం లోహశాస్త్రంలో లేదు, పాలనా చరిత్రలో ఉంది.

2. దత్త మండలం: ఆయుధం మీద పాలకుల అనుమానం

1800లో నిజాము నుంచి దత్త మండలం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పాలెగాళ్ళ కోటలను, సాయుధ బలగాలను లొంగదీయడం ఆయన పాలనలో ముఖ్యాంశం. ఆయుధం చేతిలో ఉన్నవాడే శిస్తు వసూలు చేసే వ్యవస్థను తొలగించి, శిస్తు హక్కును, ఆయుధ హక్కును కూడా కంపెనీ ఒక్కటే అనుభవించే వ్యవస్థను ఆయన నెలకొల్పాడు.

కందనవోలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఉదంతం దీనికి కొనసాగింపు. నవాబు రహస్యంగా ఫిరంగులను, మందుగుండును పోగుచేశాడన్న ఆరోపణపై 1839లో కంపెనీ సేన కర్నూలుకు వచ్చింది. పెద్ద ఎత్తున ఆయుధ సామగ్రి బయటపడింది. నవాబు పదవి కోల్పోయి తిరుచిరాపల్లికి తరలింపబడి, 1840లో అక్కడే మరణించాడు. సంస్థానం కంపెనీ పరమైంది. ఆయుధాన్ని ప్రయోగించడమే కాదు, తయారు చేసి నిలవచేయడం కూడా రాజ్యానికి అపరాధమని ఈ సీమ ప్రజలు చూసిన తొలి పెద్ద నిదర్శనం ఇది.

మరి ఏడేళ్ళకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేశాడు. నేటి ఆళ్ళగడ్డ శాసనసభ నియోజకవర్గంలోనిదే ఉయ్యాలవాడ. ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడులు ప్రధానులు. గ్రామ రక్షణకు ప్రతిఫలంగా మాన్యాలు అనుభవించిన ఈ సాయుధ సేవకులకు కంపెనీ పాలనలో ఆ మాన్యాలు దూరమయ్యాయి. కోయిలకుంట్ల ఖజానాపై దాడి, గిద్దలూరు పోరు, నల్లమల అంచుల్లో అజ్ఞాతవాసం తరువాత పట్టుబడిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. వృత్తిగా ఆయుధం పట్టిన ఒక వర్గం వృత్తిహీనమై తిరగబడిన సందర్భంగా దీనిని చదవవలసి ఉంది.

3. 1857 తరువాత: కొలతల రాజకీయం

1857 తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఎన్‌ఫీల్డ్ తూటా ఒకటన్నది తెలిసిందే. ఆ తరువాత ప్రభుత్వం అనుసరించిన సాంకేతిక విధానం మాత్రం తక్కువగా చర్చకు వచ్చింది. భారతీయ సిపాయిలకు గొట్టం లోపలి మెలికగాళ్ళు తొలగించిన నునుపు గొట్టపు మస్కెట్లను ఇచ్చారు. బ్రిటిష్ సైనికులు మార్టినీ-హెన్రీకి మారిన నాటికి భారతీయ సైనికుల చేతిలో పాత స్నైడర్ ఉంది. పాలితుడి ఆయుధం పాలకుడి ఆయుధం కంటే ఒక తరం వెనుకబడి ఉండాలన్నది నియమమైంది.

మార్టినీ-హెన్రీ తూటా పేరులోనే దాని వంశవృక్షం ఉంది. .577/450లో మొదటి సంఖ్య మాతృక అయిన స్నైడర్ గుల్లది, రెండవది సన్నబరచిన మెడలోని గుండుది. అంటే 1871లో సైన్యం స్వీకరించిన ఈ తూటా కూడా పాత గుల్లను మలచే సూత్రం నుంచే పుట్టింది. వైల్డ్‌క్యాట్ పద్ధతి ఔత్సాహికుల సొంత సృష్టి కాదనడానికి ఇది చాలు.

లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం లైసెన్సు విధానాన్ని దేశమంతటా స్థిరపరచింది. యూరోపియన్లకు మినహాయింపునిచ్చి, భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేయడం వల్ల ఇది జాతి వివక్ష చట్టంగా జాతీయోద్యమ విమర్శకు గురైంది.

4. నిషేధం పుట్టించిన తూటాలు

జాన్ రిగ్బీ సంస్థ 1898లో రూపొందించిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ పెద్ద మృగాల వేటకు ప్రసిద్ధమైంది. అయితే పాత మార్టినీ-హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయని, ఆ బోరు సరుకు వారికి ఉపయోగపడుతుందని ప్రభుత్వం భయపడింది. 1907లో .450 బోరు దిగుమతిని భారతదేశంలోను, సూడానులోను నిషేధించింది. భారతదేశపు వేట విపణిని వదులుకోలేని ఇంగ్లండు సంస్థలు వెంటనే కొత్త కొలతలు వెతికాయి. హాలండ్ అండ్ హాలండ్ వారి .500/465, జోసెఫ్ లాంగ్ వారి .470, వెస్ట్లీ రిచర్డ్స్ వారి .476 ఈ విధంగా అంగడికెక్కాయి. ఇవన్నీ కొద్దిపాటి తేడాతో ఒకే పని చేసే తూటాలు. మృగం మారలేదు, అడవి మారలేదు, మారినది చట్టంలోని ఒక అంకె మాత్రమే.

ఇందుకు ఎదురుదిశలో సాగిన ప్రయోగం .410 ఇండియన్ మస్కెట్. పోలీసులకు, కాపలాదారులకు ఇవ్వడానికి ఇషాపూర్ కర్మాగారంలో .303 తుపాకుల గొట్టాలను నునుపుగా మార్చారు. వాటి తూటాకు .303 గుల్లనే, మెడ సన్నబరచకుండా నిటారుగా ఉంచి వాడారు. తూటాల అర కొయ్య ముక్కతో మూతపడి, ఒక్కసారికి ఒక్క తూటా పేలే తుపాకి మిగిలింది. నిర్మాణరీత్యా ఇది వైల్డ్‌క్యాటే. కానీ ఉద్దేశం శక్తిని పెంచడం కాదు, తగ్గించడం.

.315 తూటాది మూడవ దారి. ఇది 1890లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8×50 మన్‌లిఖెర్ తూటా. ఎనిమిది మిల్లీమీటర్లంటే అంగుళంలో 0.315 వంతు. .303 పౌరులకు నిషిద్ధం గనుక, భారతీయ సైన్యం వాడని ఈ కొలతను పౌరులకు అనుమతించారు. పుట్టిన దేశంలో మరుగున పడిన ఈ తూటా, మన ఆర్డినెన్స్ కర్మాగారాల .315 స్పోర్టింగ్ రైఫిలు రూపంలో స్వతంత్ర భారతదేశంలోను నిలిచింది.

5. స్వాతంత్ర్యానంతరం: అడవి అంచు రైతు

1959 ఆయుధ చట్టం జాతి వివక్షను తొలగించింది గాని, అనుమతి సూత్రాన్ని కొనసాగించింది. ఐదవ సెక్షన్ ప్రకారం ఆయుధాలను, తూటాలను తయారు చేయడానికి, మార్పు చేయడానికి, మరమ్మతుకు సైతం లైసెన్సు తప్పనిసరి. 1962 నియమావళి స్థానంలో 2016 నియమావళి వచ్చింది. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. కనుక పాశ్చాత్య ఔత్సాహికుడికి చౌకైన మార్గమైన గుల్ల మలచే పని, ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే నేరం.

ఇదే చట్టం పదమూడవ సెక్షన్‌లో మూతి నుంచి మందు కూరే తుపాకిని పంట రక్షణ కోసం ప్రత్యేకంగా పేర్కొంది. గుల్ల లేని ఈ నాటు తుపాకికి బోరు చిక్కు లేదు. రైతుకు చట్టం విడిచిపెట్టిన ఆయుధం సాంకేతికంగా 19వ శతాబ్ది పూర్వార్ధానిదన్నమాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం నల్లమల అంచున తుపాకి ప్రయోజనాన్ని మరింత పరిమితం చేశాయి. అహోబిలం నుంచి రుద్రవరం దాకా అడవిని ఆనుకొని సేద్యం చేసే రైతుకు పంట రక్షణ, మృగ రక్షణ రెండూ న్యాయమైన అవసరాలే. వీటి మధ్య సమన్వయం తూటా కొలతతో తేలేది కాదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. గుల్లను మలచి కొత్త తూటా చేసే పద్ధతి ఔత్సాహికుల కంటే ముందే సైన్యాల్లోను, కర్మాగారాల్లోను ఉంది.

2. భారతదేశానికి సంబంధించిన ప్రధాన తూటా కొలతలు వేట అవసరం కంటే పాలకుల భయం వల్ల రూపుదిద్దుకున్నాయి. .470 నిషేధాన్ని దాటడానికి, .410 శక్తిని కుదించడానికి, .315 సైనికుణ్ణి, పౌరుణ్ణి వేరుచేయడానికి ఉపయోగపడ్డాయి.

3. మన్రో కాలపు నిరాయుధీకరణ, కర్నూలు నవాబు పతనం, కట్టుబడుల తిరుగుబాటు ఈ విధానానికి తూటాల యుగం కంటే పూర్వమున్న భూమికను చూపిస్తాయి.

రాయలసీమ ఆయుధ చరిత్ర ఇంతవరకు వీరగాథగానో, ముఠాకక్షల కథనంగానో ఎక్కువగా రచితమైంది. ఆయుధం ఎవరిచేత ఉన్నదన్న ప్రశ్నతోపాటు, ఏ కొలత ఆయుధం ఎవరికి అనుమతింపబడింది, ఎందుకు అన్న ప్రశ్నను కూడా చేర్చినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.