సొంత పేరు లేని పాఠం

తెలుగునాట ఒక ఆడపిల్ల ఈడేరితే ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. పూర్వం పేరంటపు పిలుపులు వెళ్లేవి, చిమ్మిలి పంచిపెట్టేవారు. ఇప్పుడు కూడలిలో ఆ పిల్ల నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ కడుతున్నారు. వందలమందికి భోజనాలు పెడతాము, అక్షింతలు వేయిస్తాము. ఇంత వేడుకలోనూ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, నీ శరీరంలో జరిగినది ఇది, ఇందువల్ల జరిగింది అని చెప్పేవారు మాత్రం ఎవరూ కనిపించరు. మీ ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే మీరు అదృష్టవంతులు.

ఈ వైపరీత్యాన్ని నేను మొదట గమనించినది చండ్రుగొండ ప్రాంతంలో. కొత్తగూడేనికి దక్షిణంగా, అడవి అంచున ఉన్న మండలమది. నాటి ఖమ్మం జిల్లాలోనిది, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, 1980ల నడుమ, అక్కడి పల్లెల్లో పనిచేశాను. ఒక చలికాలపు ఉదయం ఒక వసతిగృహం ఆయమ్మ పన్నెండేళ్ల కోయపిల్లను వెంటబెట్టుకొని వచ్చింది. పిల్ల మూడు రోజులుగా అన్నం తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. లోపల ఏదో పుండు పడి నెత్తురు పోతున్నదనీ, తాను చనిపోతాననీ ఆమె అనుకున్నది. "పెద్దమనిషివయ్యావే అని చెప్పాను సారూ. ఎందుకైందంటే నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నది ఆయమ్మ.

నేనూ చెప్పలేదు. భయం లేదు, అందరికీ ఉండేదే అని ఇనుము మాత్రలు రాసి పంపేశాను. దేహ నిర్మాణమంతా కంఠస్థం చేసి పట్టా పుచ్చుకొన్నవాణ్ణి, ఒక పిల్లకు అర్థమయ్యే మాటల్లో ఆ నాలుగు విషయాలు ఎలా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పలేదు గనుక చెప్పలేదనడం సగమే నిజం. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తరువాతి కాలంలో నన్ను కొంత చదివించింది. ఈ వ్యాసం ఆ చదువులోంచి పుట్టినదే.

లైంగిక విద్య మన బడులకు ఎలా వచ్చిందని వెతికితే ఒక విచిత్రం కనిపిస్తుంది. అది ఏనాడూ సొంత పేరుతో రాలేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక భయం దాన్ని చేయి పట్టుకొని తీసుకొచ్చింది.

మొదటి భయం జనసంఖ్య. 1980లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి జనాభా నిధి సహాయంతో జాతీయ జనాభా విద్యా పథకాన్ని ప్రారంభించింది. పాఠ్యపుస్తకాల్లో జనాభా పెరుగుదల పటాలూ, చిన్న కుటుంబమే చింత లేని కుటుంబమన్న నినాదమూ చేరాయి. పిల్లలు ఎంతమంది ఉండాలో బడి చెప్పింది. ఎలా పుడతారో చెప్పలేదు. ఆసుపత్రిలో మా పరిస్థితీ అంతే. ఏడాదికి ఇన్ని శస్త్రచికిత్సలని లక్ష్యం ఉండేది. శిబిరాల్లో తల్లులను వరుసగా పడుకోబెట్టి ట్యూబెక్టమీలు చేసేవాళ్లం. వారిలో ఎంతమందికి తమ గర్భాశయం ఎక్కడున్నదో తెలుసునని అడిగే తీరిక మాకు లేదు. 1994లో కైరోలో జరిగిన జనాభా, అభివృద్ధి అంతర్జాతీయ సదస్సు ఈ ధోరణిని తప్పుపట్టింది. లెక్కల కంటె మనిషి ముఖ్యమనీ, కౌమార వయస్కులకు సమాచారం పొందే హక్కు ఉందనీ తీర్మానించింది. 1996 ఏప్రిల్‌లో మన దేశం కుటుంబ నియంత్రణ లక్ష్యాలను ఎత్తివేసింది. దూరదేశపు సదస్సు ఒకటి మారుమూల వైద్యుడి రోజువారీ పనిని మార్చడం నా అనుభవంలో అదొక్కసారే.

రెండవ భయం ఎయిడ్స్. 1986లో మద్రాసులో తొలి హెచ్‌ఐవి కేసులు బయటపడ్డాయి. 1992లో జాతీయ సంస్థ, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడ్డాయి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్లవారిలో 0.28 శాతం మందికి హెచ్‌ఐవి ఉండగా, మన రాష్ట్రంలో 0.97 శాతం మందికి ఉంది. అంతకు ముందు నోరు విప్పని అధికారులు ఉన్నట్టుండి గోడల మీద కండోమ్ బొమ్మలు వేయించారు. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమాన్ని దేశవ్యాప్తంగా తెచ్చాయి.

అది వచ్చిన రెండేళ్లకే గొడవ మొదలైంది. 2007లో మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక తదితర రాష్ట్రాలు దాన్ని నిలిపివేశాయి. శిక్షణ పుస్తకాల్లోని బొమ్మలు పిల్లలకు చూపదగినవి కావని అభ్యంతరం. ఆ పాఠాన్ని వ్యతిరేకించినవారిని మూర్ఖులని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. వ్యాధిని ఆపడానికి తయారైన సామగ్రి అది. ఎదిగే పిల్లవాడి ప్రశ్నల్లోంచి పుట్టలేదు. రోగం పేరుతో మొదలైన పాఠంలో ప్రేమ, స్నేహం, గౌరవం వంటి మాటలకు చోటు తక్కువే ఉంటుంది. తల్లిదండ్రులు జంకారంటే అందులో కొంత న్యాయం ఉంది.

ఈ వివాదం రాజ్యసభ విజ్ఞాపనల సంఘం ముందుకు వెళ్లింది. దాని అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లావారు, ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు. 2009లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక సారాంశం సూటిగా ఉంది. పాఠశాలల్లో లైంగిక విద్య ఉండరాదు, మన సమాజపు స్వభావానికి అది సరిపడదు, శరీర ఎదుగుదల, హెచ్‌ఐవి వంటి అంశాలను ఇంటర్మీడియెట్ స్థాయి జీవశాస్త్రంలో చేర్చుకోవచ్చు. చండ్రుగొండ పిల్లకు పన్నెండేళ్లు. ఇంటర్మీడియెట్ దాకా ఆగమని ఆమె శరీరానికి ఎవరు చెప్పగలరు?

అదే 2009 డిసెంబరులో యునెస్కో లైంగిక విద్యపై తన తొలి అంతర్జాతీయ సాంకేతిక మార్గదర్శకాలను వెలువరించింది. మన సంఘం పదహారేళ్ల దాకా వద్దన్న మాటను వారు ఐదేళ్ల నుంచి మొదలుపెట్టమన్నారు. ఇది వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. నేనూ పడ్డాను. తీరా చదివితే, ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు చెప్పమన్నవి శరీర భాగాల సరైన పేర్లు, నీ ఒంటిని ఎవరు తాకవచ్చో నిర్ణయించే హక్కు నీదన్న మాట, ఇబ్బంది కలిగితే నమ్మకమైన పెద్దలకు చెప్పాలన్న ధైర్యం వంటివి. ఆ పత్రం వెనుక 87 అధ్యయనాల పరిశీలన ఉంది. తేలినదేమంటే, ఇలాంటి పాఠాలు విన్న పిల్లలు త్వరపడి లైంగిక జీవితంలోకి దిగలేదు. మూడోవంతుకు పైగా కార్యక్రమాలు దాన్ని వాయిదా వేయించాయి. చెబితే చెడిపోతారన్నది మన ఇళ్లలో అందరూ నమ్మే మాట. లెక్క దానికి ఎదురు తిరిగింది.

మన సంస్కృతిలో ఇది లేదనే వాదానికి కొందరు వాత్స్యాయనుణ్ణి జవాబుగా చూపుతారు. అది నాకు నచ్చదు. నాగరకుల విలాసం కోసం రాసిన శాస్త్రం హాస్టలు పిల్లకు ఏం పనికి వస్తుంది? అంతకంటె దగ్గరి చరిత్ర మనకుంది. 1921లోనే బొంబాయిలో రఘునాథ ధోండో కర్వే సంతాన నియంత్రణ కేంద్రం తెరిచాడు. 1927 నుంచి 1953లో మరణించేవరకు 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రికను నడిపాడు. పాఠకుల లైంగిక సందేహాలకు జవాబులిచ్చినందుకు ఆయన మీద అశ్లీలత కేసు పెట్టగా, 1934లో ఆయన పక్షాన వాదించిన న్యాయవాది డాక్టర్ అంబేడ్కర్. మన భాషలో చలం పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా తిరుగుతూ పిల్లలను భయపెట్టి పెంచే పద్ధతిని చీల్చి చెండాడాడు. 'బిడ్డల శిక్షణ' ఆయన రాసినదే. ఇక విజయవాడ డాక్టర్ గోపరాజు సమరం గారి శీర్షికలు తెలియని తెలుగు పాఠకుడుండడు. దశాబ్దాల పాటు వారపత్రికలో ఆయనకు వచ్చిన ప్రశ్నలను చూస్తే, మన బడులు వదిలేసిన పాఠ్యప్రణాళిక ఏమిటో తెలుస్తుంది. వాటిలో ఎన్నో పదిహేనేళ్ల వయసులో తీరవలసిన సందేహాలు, నలభై ఏళ్లవారు పేరు దాచుకొని అడిగినవి.

బడి మౌనంగా ఉంటే ఆ చోటు ఖాళీగా ఉండదు. కొత్తగూడెం బస్టాండు గోడల మీద మొలలు, వరిబీజం, సుఖవ్యాధులు అని రాసి ఉండే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. లాడ్జీలో గది తీసుకొని నెలకొకసారి దిగే వైద్యుల బేరమంతా కుర్రవాళ్లతోనే. నిద్రలో వీర్యస్ఖలనమైతే బలమంతా కారిపోతున్నదని భయపడి, గని కార్మికుడైన తండ్రి జీతంలోంచి దొంగిలించి లేహ్యాలు కొన్న ఇంటర్ విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. అతనికి ఏ జబ్బూ లేదు. ఈ భయానికి 1960లోనే మానసిక వైద్యుడు ఎన్. ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. మందు ఒక్కటే, పది నిమిషాల మాట. ఆడపిల్లకు కనీసం రక్తం కనిపిస్తుంది, ఎవరో ఒకరు గమనిస్తారు. మగపిల్లవాడి భయం ఎవరికీ కనిపించదు.

మూడవ భయం నేరం. 2012లో పోక్సో చట్టం వచ్చింది. మంచి స్పర్శ, చెడు స్పర్శ అనే పాఠం చిన్న తరగతుల్లోకి చేరింది. అవసరమైనదే. అయితే మన పిల్లలకు శరీరం గురించి బడి చెప్పిన తొలిమాట మళ్లీ హెచ్చరికే అయింది. శరీర భాగానికి పేరు చెప్పకుండా, అక్కడ తాకితే అరవమని చెప్పడం ఎంత కష్టమో ఏ ఉపాధ్యాయురాలినైనా అడగండి.

2018 జనవరిలో యునెస్కో తన మార్గదర్శకాలను సవరించింది. కొత్తగా 22 క్రమబద్ధ సమీక్షలను, 77 నియంత్రిత ప్రయోగాలను పరిశీలించారు. అందులో సగానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాలకు చెందినవి. కాబట్టి ఇది పాశ్చాత్యుల లెక్క అని తోసిపుచ్చే వీలు తగ్గింది. ఆరు ప్రధాన భావనలు ఎనిమిదయ్యాయి. హింస నుంచి భద్రతకూ, స్త్రీపురుష భేదాలను అర్థం చేసుకోవడానికీ విడిగా చోటు దొరికింది. సమ్మతి, అంతర్జాలం, సెల్‌ఫోనులో ఎదురయ్యే అశ్లీల చిత్రాలు కూడా చర్చలోకి వచ్చాయి. పెళ్లివరకు ఆగమని మాత్రమే బోధించే పాఠాలు ఫలితమివ్వడం లేదని స్పష్టం చేశారు. 2009 నాటి పత్రం మీద ఎయిడ్స్ నీడ గట్టిగా ఉండేది. సవరించిన దానిలో ఆరోగ్యంతో పాటు ఆనందం, గౌరవం, సంబంధాలు ముందుకు వచ్చాయి. ఇది ఏ దేశమూ విధిగా అమలు చేయవలసినది కాదు. ఎవరి నేలకు తగినట్టు వారు మలచుకొమ్మన్న సలహా.

మన ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య, స్వస్థత కార్యక్రమం మొదలైంది. పదకొండు అంశాలు. ఎదుగుదల, భావోద్వేగాలు, పరస్పర సంబంధాలు, స్త్రీపురుష సమానత, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హింస నుంచి రక్షణ, అంతర్జాలాన్ని సురక్షితంగా వాడుకోవడం ఇందులో ఉన్నాయి. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ, వీలైతే ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు. యునెస్కో పత్రాన్ని పక్కన పెట్టుకొని చూస్తే చాలా భాగం సరిపోతుంది. ఆ మాట ఒక్కటి లేదు, అంతే. పేరు దాచి పాఠం తేవడం తెలివైన పనేనని నాకు అప్పుడనిపించింది. మరుసటి నెలలో కరోనా వచ్చి బడులన్నీ మూతపడ్డాయి. బడులు మూసి ఉన్న నెలల్లో మన పల్లెల్లో ఎందరు పిల్లలకు పుస్తెలు కట్టారో మీకూ తెలుసు. 2019-20 సర్వే ప్రకారమే తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్లయింది.

మన ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ గురించి ఒక పాఠం ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠమూ ఉంది. బాగానే రాశారు. ఇంట్లో చదువుకోండి అని పేజీలు తిప్పేసే అలవాటు మాత్రం చాలాచోట్ల పోలేదు. ఏ ఇంట్లో చదువుకోవాలి? ఛత్తీస్‌గఢ్ నుంచి 2005 తరువాత వలస వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకొన్న గొత్తికోయల పిల్లలకు తెలుగే రెండో భాష. నెలసరి రోజుల్లో స్త్రీలను ఊరి బయటి గుడిసెలో ఉంచే ఆచారం వారిలో కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఆ ఇంటి తల్లి పుస్తకం తెరిచి వివరిస్తుందని ఎవరు అనుకొన్నారో నాకు తెలియదు.

పదవీ విరమణ తరువాత చాలా ఏళ్లకు, ఒక పరిచయస్థురాలైన ఉపాధ్యాయిని కోరితే, అదే ప్రాంతంలోని ఒక బాలికల వసతిగృహానికి వెళ్లాను. నల్లబల్ల మీద గర్భాశయం బొమ్మ గీసి, అండాశయం నుంచి అండం ఎలా బయలుదేరుతుందో, గర్భం రాని నెలలో లోపలి పొర ఎలా రాలుతుందో చెప్పాను. నలభై ఏళ్ల కిందట రావలసిన మాటలు ఈసారి తడబడకుండానే వచ్చాయి. నోటితో అడగలేనివారు చీటీ మీద రాసి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేయమన్నాను. యాభైకి పైగా చీటీలు వచ్చాయి. ఆ రోజుల్లో చింతపండు తింటే ఏమవుతుంది, కడుపు నొప్పికి మాత్ర వేసుకోవచ్చా, ముద్దు పెట్టుకొంటే గర్భం వస్తుందా, బావ చేయి పట్టుకొంటే వద్దనవచ్చా. చివరి దానికి అవును, వద్దనవచ్చు అని రెండుసార్లు చెప్పాను. ఆ మాటకు వెనుక వరుసలో ఎవరో నవ్వారు, ఎవరో ఆమెను ఊరుకోమన్నారు.

ఒక చీటీలో ఇలా ఉంది: "ఇవి మగపిల్లలకు కూడా చెప్పారా సార్?"

లేదన్నాను. బాలుర వసతిగృహం రోడ్డుకు అవతలే ఉంది. బయటికి వచ్చాక అటు నడిచి, వార్డెనును కలిసి, వచ్చే నెల రెండో శనివారం అడిగి రాయించుకొన్నాను.