జెడ్‌ఎస్7 నడిబొడ్డున

విశ్వం పుట్టి 74 కోట్ల ఏళ్లే అయింది. మీరిప్పుడు జెడ్‌ఎస్7 అనే గెలాక్సీ వ్యవస్థలో ఉన్నారు. రెండు గెలాక్సీ ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతున్నాయి. ఎటు చూసినా వాయువే. ఎలక్ట్రాన్లు ఊడిన ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతోంది. నక్షత్రాలు గుద్దుకుంటాయని భయపడకండి, వాటి మధ్య ఖాళీ చాలా ఎక్కువ. గుద్దుకునేది వాయువే. మేఘం మేఘాన్ని ఒరుసుకుని, గుండ్రంగా తిరిగే ఊపు పోగొట్టుకుని, కేంద్రంవైపు జారుతుంది.

దాని వెంటే దిగండి. వేడి పెరుగుతోంది. సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో హైడ్రోజన్ గిర్రున తిరుగుతోంది. ఆ సుడి మధ్యన ఐదు కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం, ఎడతెగకుండా మింగుతూ. ఇప్పుడు తల తిప్పండి. దాదాపు రెండు వేల కాంతి సంవత్సరాల అవతల, దట్టమైన వాయువు చాటున, ఇంకో కృష్ణబిలం ఆనవాళ్లు.

కృష్ణబిలం మింగుతుంటే దాని చుట్టూ రేగిన ఈ మంటను రగిలించింది గెలాక్సీల కలయికేనా? ఇక్కడ నిలబడితే అవుననే అనిపిస్తుంది. కానీ కలయిక కోట్ల ఏళ్లు సాగుతుంది. కృష్ణబిలం ఆకలి అంతలోనే రేగి అంతలోనే చల్లారగలదు. కాస్త ముందో వెనకో వచ్చి ఉంటే కలయిక కనిపించేది, మంట కనిపించేది కాదు. పైగా విశ్వపు ఈ తొలి కాలంలో చల్లని వాయువు ధారలుగా గెలాక్సీల్లోకి తనంతట తానే వచ్చి పడుతుంది. మింగడానికి కలయిక కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

2011లో హబుల్ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనం మనకు దగ్గరి విశ్వాన్ని చూసింది. అక్కడ చురుకైన కృష్ణబిలాలున్న గెలాక్సీలు కలయికల వల్ల మిగతావాటికంటే ఎక్కువ చెదిరి లేవు. ఆ తీర్పును ఇక్కడికి తెచ్చి అంటించడం నాకు సమ్మతం కాదు. వాయువు ఇంత నిండుగా, గెలాక్సీలు ఇంత దగ్గరగా ఉన్న కాలం అది కాదు. కలయిక ఒక్కటే కారణమని అనను, కానీ ఇక్కడ దాని చెయ్యి ఉందనే నమ్ముతున్నాను.

మీ పక్కనుంచి బయల్దేరిన ఆ ఆకుపచ్చ వెలుగు దాదాపు 1300 కోట్ల ఏళ్లు ప్రయాణించి, ఎనిమిది రెట్లు సాగి, పరారుణ కాంతిగా వెబ్ టెలిస్కోప్ అద్దం మీద పడింది. 2024లో ఖగోళ శాస్త్రవేత్త హన్నా ఊబ్లర్ బృందం దాన్ని చదివి ఈ కథ చెప్పింది. 2035లో యూరప్ పంపాలనుకుంటున్న లీసా అనే అంతరిక్ష వేధశాల, వెలుగుతో పని లేకుండా, రెండు కృష్ణబిలాలు ఒకటయ్యేటప్పుడు పుట్టే గురుత్వ తరంగాలనే పట్టుకుంటుంది. మంట ఆరిపోయిన కలయికలూ అప్పుడు లెక్కలోకి వస్తాయి.